కుర్చీలోంచి లేవని బాబాయి

మా బాబాయికి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. అన్నం తింటున్నా మోకాలు ఊగుతూనే ఉంటుంది. పాత కంప్యూటర్లకు జ్ఞాపకశక్తి పెంచే ర్యామ్‌లు వేసి ఇంకొన్నాళ్లు ఆయుష్షు పోయడం ఆయన పని. ర్యామ్ అంచును రబ్బరుతో రుద్ది, గాడి చూసుకుని, రెండు చివరలా టక్కుమనేలా నొక్కి, తెర వెలగగానే సంచి భుజాన వేసుకుని మాయమయ్యేవాడు. ఆ తొందరే పిన్ని కొంప ముంచింది.

పిన్నిది ఎంబ్రాయిడరీ షాపు. నేనక్కడ దారాలు కత్తిరిస్తాను. కుట్టు మిషన్‌ను నడిపే డెస్క్‌టాప్ ముసలిదే, కానీ మిషన్ దాని మాట తప్ప వినదు. కిందటేడు బాబాయి అందులో కొత్తగా ఒక ర్యామ్ పెట్టి, పరీక్షించకుండానే పరుగెత్తాడు. కంప్యూటర్ బాగానే నడిచినట్టు కనిపించింది. ఆ ర్యామ్‌లో ఎక్కడో లోపముంది. తెరిచి మళ్లీ దాచినప్పుడల్లా పిన్ని డిజైన్లు ఒక్కొక్కటే చెడిపోయాయి. హంస మెడ విరిగింది, పూలరేకులు ముద్దకట్టాయి. అన్నీ ఏళ్ల తరబడి కళ్లు పొడుచుకుని గీసినవి. ఆ ర్యామ్ పీకించేసి, అప్పట్నుంచి పిన్ని ఆయన చెయ్యి దాని మీద పడనివ్వలేదు. నాకూ ఆయన మీద ఒళ్లు మండింది.

ఇప్పుడు పెద్ద డిజైన్ తెరిస్తే చాలు, ర్యామ్ చాలక కంప్యూటర్ బిగుసుకుపోతోంది. పిన్ని బయటి మెకానిక్‌ను పిలుస్తానంది.

“బయటివాడొస్తే నా పరువేం కాను? ఈ ఒక్కసారి నన్ను చెయ్యనీ,” అని బతిమాలాడు బాబాయి.

“చెయ్యి. పరీక్ష అయ్యేదాకా కుర్చీలోంచి లేవకూడదు. లేచావా, ఇక దీని జోలికి రావద్దు.”

రెండు ర్యామ్‌లు తెచ్చాడు. ముందు ఒకటి పెట్టి పరీక్ష మొదలుపెట్టాడు. నీలం తెర మీద అంకెలు నత్తనడక నడుస్తున్నాయి. ఫోన్ మోగింది, కట్ చేశాడు. మోకాలు ఊగే ఊపుకి బల్ల మీది దారపు ఉండలు దొర్లిపోయాయి.

“ముళ్ల మీద కూర్చున్నట్టుందే,” అన్నాడు నాతో.

“కూర్చో బాబాయ్!” కసిరాను. కానీ జాలేసింది.

మొదటి రౌండు ముగిసింది. తప్పేమీ దొరకలేదు. పిన్ని మనసు కరిగినట్టుంది.

“చాల్లే, లే.”

బాబాయి సంచి అందుకున్నాడు. సగం లేచినవాడు తెర వంక చూసి మళ్లీ కూలబడ్డాడు.

“ఇంకో రౌండు తిరగనీ.”

అది సగం దాటాక తెర మీద ఎర్ర గీత పడింది. ఆయన ముఖం పాలిపోయింది.

“ఇదీ చెడ్డదే. ఇందాకే లేచిపోయుంటే మళ్లీ నీ బొమ్మలన్నీ...”

పిన్ని కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఊగుతున్న ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

“రెండోది పెట్టు. నేనూ కూర్చుంటాను.”