మూడు తూట్లు, ఒక సైకిల్ పుల్ల

మొన్న ఆదివారం ప్రార్థన ముగించుకుని ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగానే సెంటినరీ కాలనీ నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. కాలం చేసిన వాళ్ల నాన్న వదిలిపోయిన పాత అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించాలని రెండు నెలలుగా పట్టుబట్టి కూర్చుంది ఆ పిల్ల. పిల్ల అంటున్నానే గానీ, నేను రిటైరయిన గనుల వర్క్‌షాపులోనే వెల్డర్‌గా ఆరేళ్ల సర్వీసు చేసిన మనిషి. కారు ముందు డబ్బాలో గుడ్డ చుట్టి దాచిన సైకిల్ చక్రం పుల్ల ఒకటి దొరికిందట, కొన వంచి ఉందట, అది దేనికో తెలుసా అని అడిగింది. తెలియదన్నాను, నిజంగానే తెలియదు. ఆ తర్వాత అసలు మాట చెప్పింది.

"మామా, తలుపుల కింది రేకుకు అడుగున మూడు తూట్లున్నయి, తుప్పు తిన్నట్టుంది. కొత్త రేకు నేనే మలిచిన. తూటన్నదే లేకుండ, చీమ గూడ దూరకుండ సీల్ చేస్త."

నేను వస్తున్నాననీ, వచ్చేదాకా ఆ రేకు ముట్టుకోవద్దనీ చెప్పి, విప్పిన చెప్పులు మళ్లీ తొడుక్కుని ఆటో ఎక్కాను.

అంబాసిడర్ అంటే ఏమిటో మన ఈడు వాళ్లకు నేను వివరించనక్కర్లేదు. ముందు నలుగురు, వెనక ఆరుగురు, డిక్కీలో పెళ్లి సామాను, అయినా మంథని దాకా నిమ్మళంగా పోయే బండి అది. గనిలో కాలు నలిగి, పని మానుకోవలసి వచ్చినప్పుడు మా బావ చేతికొచ్చిన దాంట్లో కొన్నది ఆ సెకండ్ హ్యాండ్ బండినే. గోదావరిఖని చౌరస్తాలో టాక్సీగా తిప్పేవాడు. కుడి మోకాలు సరిగా వంగేది కాదు, అయినా స్టీరింగు ముందు కూర్చుంటే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. దవాఖానకు పోయేవాళ్లూ, బెల్లంపల్లి చుట్టాల ఇంటికి పోయేవాళ్లూ బావ బండే కావాలని కాచుకుని ఉండేవారు.

అయితే తడిసిన బొగ్గు దుమ్ము ఇనుమును ఎట్లా తింటుందో మన ప్రాంతం వాళ్లకే తెలుసు. రెండు వానకాలాలు గడిచేసరికి కుడిపక్క తలుపుల కింద పొడుగునా ఉండే రేకు అరిసె ముక్కలా వేలికి విరిగిరావడం మొదలైంది. పది రోజుల్లో ఫిట్‌నెస్ పరీక్ష. అందులో తప్పితే బండి ఇంటి ముందే నిలబడిపోతుంది, దానితో పాటు బావ కూడా. ఆ కాలుతో ఇంకో పని ఎక్కడ దొరుకుతుంది? అక్క రోజూ నా ముఖం వైపే ఆశగా చూసేది.

మా వాడలో టింకరింగ్ షెడ్డు నడిపే ముసలాయన ఒకరుండేవారు, అందరం చాచా అనేవాళ్లం. ఆయన సరిగ్గా ఆ వారమే కూతురి కాన్పుకని పోతూ, తాళంచెవి నా చేతిలో పెట్టి పలుచటి రేకు అతికే పద్ధతి ఒక పూటలో చూపించారు. నేనేమో వర్క్‌షాపులో చేరి ఏడాది తిరగనివాణ్ని, బొగ్గు తొట్లకు వేలిమందం ప్లేట్లు అతికేవాణ్ని, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క గీతగా లాగడం తప్ప వేరే తెలియదు. కారు రేకుకు అట్లా లాగితే కాలి తూటు పడుతుంది, లేదంటే అప్పడంలా వంకరపోతుంది. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టి, తడిగుడ్డ వేసి చల్లార్చి, మళ్లీ మధ్యలో ఇంకో చుక్క పెట్టాలని ఆయన చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా పాటించాను. తుప్పు పట్టినంత మేరా కోసేశాను, లోపలివైపు రంగు పూశాను, తెప్పించిన కొత్త రేకును చుక్కచుక్కగా కలుపుకుంటూ వచ్చాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఇంతవరకూ నా పనికి వంక పెట్టగలిగిన వాడు లేడని ఇప్పటికీ చెబుతాను.

తప్పు తర్వాత జరిగింది. ఆ కొత్త రేకు అడుగున మూడు చిన్న తూట్లు ముందే ఉన్నాయి. రేకు చేసినవాడెవడో పరాకుగా వదిలేశాడనుకుని వాడిని తిట్టుకున్నాను. మా నాన్న గనిలో నిప్పు అంటుకున్న పాత చోట్లను గోడకట్టి మూసే జట్టులో పనిచేసేవాడు. సూదిమొన అంత సందు ఉన్నా గాలి దూరి బొగ్గు రగులుతుందని, మూసిన గోడను చేత్తో తడిమి తడిమి చూసేవాడు. అన్నం తినేటప్పుడు కూడా అదే పాఠం చెప్పేవాడు. ఆ ఇంట్లో పెరిగినవాణ్ని, తూటు కనబడితే ఊరుకుంటానా? కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మూడింటినీ వెల్డింగుతో మూసి, అతుకుల వెంట పూసిన సీలరునే వాటి మీద కూడా రెండుసార్లు మెత్తి, నాన్నలాగే చేత్తో తడిమి చూసుకున్నాను.

ఫిట్‌నెస్ వచ్చింది. బావ మిఠాయి పంచాడు. అక్క ఆ రోజు పెట్టిన మటన్ కూర రుచి ఇంకా నా నాలుక మీద ఉంది.

వానలు మొదలయ్యాక ఒక అవ్వను దవాఖానకు తీసుకుపోతుంటే, బ్రేకు వేసిన ప్రతిసారీ తలుపుల కింద నుంచి గుడగుడమని చప్పుడు రాసాగిందట. ఆ అవ్వ కాసేపు విని, "బిడ్డా, నీ కారుల కడవ ఒలుకుతున్నట్టున్నది" అన్నదట. బావ నవ్వుతూనే చెప్పాడు గానీ నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటికి తిరిగొచ్చిన చాచా వంగి చూసి, డ్రిల్లు తెచ్చి అడుగున మూడు చోట్ల తూట్లు వేశారు. నల్లటి నీళ్లు ధారకట్టి ఆయన కాళ్ల మీదుగా పారాయి. తలుపు అద్దాల సందుల్లోంచి దిగిన వాన పోయే దారిలేక నెల రోజులుగా అందులోనే ఉండిపోయింది.

"నీళ్లు రాకుండ ఎవ్వడు ఆపలేడు బేటా. వచ్చినదానికి తొవ్వ ఇయ్యాలె. గింత సంగతి చెప్పాలెనా అనుకున్న, గల్తీ నాదే" అన్నారు చాచా. ఆయన తప్పేమీ లేదు. ఆ మాటతో నా సిగ్గు ఇంకా పెరిగింది.

ఆటో దిగేసరికి మేనకోడలు ముఖానికి వెల్డింగు అద్దం పెట్టుకుని సిద్ధంగా ఉంది. ఎడమపక్కన కొత్త రేకు క్లాంపులతో బిగించి ఉంది, నేను ఫోన్‌లో ఆపకముందే పెట్టిన అతుకులు చుక్కచుక్కగా, ఎడం ఎడంగా, చక్కగా ఉన్నాయి. కుడిపక్కన నేనప్పుడు వేసిన రేకు ఇంకా ఉంది. సుత్తితో తట్టి చూపించింది, గట్టిగా మోగింది. అందులో ముందుకొస మాత్రమే తుప్పుకు పోయింది.

ఆ పిల్లను కూర్చోబెట్టి, పై కథంతా పొల్లుపోకుండా చెప్పాను. నా జీవితంలో ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పడం తేలిక కాలేదు. అంతా విని, చేతిలోని సైకిల్ పుల్లను అటూ ఇటూ తిప్పుతూ అంది:

"వానకాలంల పొద్దుగాల నాయిన కారు కింద పండుకునేటోడు. ఏంది నాయినా అంటే, మీ మామ ఏసిన రేకు సూస్తున్న, ఎంత మంచిగున్నదో అనేటోడు. గా ముచ్చట వినే నేను వెల్డింగు నేర్చుకున్న."

చాచా వేసిన తూట్లు సన్నవి, బొగ్గు బురదతో ఇట్టే పూడుకుపోతాయి. వంగని మోకాలితో తడి నేల మీద పడుకుని, ఏటా ఆ పుల్లతో వాటిని సాఫు చేసిన మా బావ, నా తప్పును కడుపులో పెట్టుకుని, నా పనిని మాత్రమే కూతురికి చూపించాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, దాచుకోలేదు కూడా. ఆ పిల్ల లేచి డ్రిల్లు తెచ్చి, కొత్త రేకు అడుగున మూడు తూట్లు వేసింది, చాచా వేసినవాటికన్నా కొంచెం వెడల్పుగానే వేసింది.

నాన్న దిగిన గని ఇప్పుడు లేదు, చాచా షెడ్డున్న చోట సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది, చౌరస్తాలో బావ బండి కోసం కాచుకునేవాళ్లూ లేరు. ఇప్పటి కార్లకు ఏం పాడైనా ఆ భాగం పారేసి కొత్తది బిగిస్తారు గానీ, ఒకరు చేసినదాన్ని ఇంకొకరు ఏళ్లకేళ్లు కాపాడుకుంటూ రావడం కనబడదు. నేను దిగులుపడేది దానికే. అయినా మా వర్క్‌షాపులో ఒక ఆడపిల్ల నాకన్నా శుభ్రంగా అతుకు వేస్తోందంటే, పోయిందంతా పోలేదని కూడా అనిపిస్తుంది.

పుల్లను మళ్లీ గుడ్డలో చుట్టి డబ్బాలోనే పెట్టించాను. మొదటి వాన పడగానే ఫోన్ చెయ్యమనీ, ఈసారి బండి కింద నేను పడుకుంటాననీ చెప్పాను. నా నడుము సంగతి ఆ పిల్లకు తెలియనిది కాదు, అయినా వద్దనలేదు.