బావ బండికి స్వే బార్లు వేసిన వేసవి

బావ పోయిన మరుసటి ఏడు వేసవిలో అక్క చీనీ తోటలో బోరు ఎండిపోయింది. మోటారు వేస్తే మొదట బురద నీళ్లు వచ్చాయి, తర్వాత గాలి, ఆ తర్వాత అదీ లేదు. అవి కాపులో ఉన్న బత్తాయి చెట్లు. బావా అక్కా గుంతలు తవ్వి, కడవలతో నీళ్లు పోసి బతికించుకున్నవి. ఇంకో బోరు వేయిద్దామంటే అక్క ఒప్పుకోలేదు. చుట్టుపక్కల కొత్తగా వేసిన బోర్లు దుమ్ము తప్ప ఏమీ పోయలేదు మరి.

చెరువుకట్ట అవతల ఒక పెద్దాయన బోరులో మాత్రం నీళ్లు మిగిలి ఉన్నాయి. ఆయనే అక్కను పిలిచి, "కావల్సినన్ని పట్టుకోమ్మా. తోలుకునేది నువ్వు చూసుకోవాల" అన్నాడు.

ట్రాక్టరు ట్యాంకర్లు ఎవరివీ ఖాళీ లేవు. బత్తలపల్లె చుట్టూ ఏ తోట చూసినా అదే అవస్థ. అప్పుడు అక్క చూపు ఇంటి ముందు రేకుల కింద ఉన్న బావ బండి మీద పడింది. అది చాలా పాత పికప్పు. గుండ్రటి లైట్లు, మధ్యలో కమ్మీ ఉన్న ముందు అద్దం, వెనక చెక్కల తొట్టి. ఇప్పుడు రోడ్ల మీద అలాంటివి కనబడవు. కొనుక్కుంటామని ఎవరెవరో వచ్చారు కానీ అక్క ఇవ్వలేదు.

"నువ్వు బస్సు తోల్తావు గదరా. ఇది తోలలేవా?" అంది నాతో.

నేను ధర్మవరంలో బస్సు డ్రైవర్ని. డ్యూటీ లేని రోజుల్లో వచ్చి నీళ్లు తోలతానని మాట ఇచ్చాను. బండి వెనక పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు ఒకటి తాళ్లతో బిగించాం.

మొదటి రోజే ఇబ్బంది తెలిసింది. ట్యాంకు నిండా నింపితే బండి వెనక భాగం చతికిలబడిపోయేది. చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టలకు, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆ ఉక్కు పట్టీలకు, వయసై సత్తువ పోయిందనుకున్నాను. అందుకని ముక్కాలు ట్యాంకే పట్టడం మొదలుపెట్టాం. దాంతో ఇంకో తిప్పలు వచ్చిపడింది. నిండు ట్యాంకులో నీళ్లు కదలవు. వెలితి ట్యాంకులో నీళ్లు ఊరుకోవు. మలుపు తిప్పితే నీళ్లన్నీ ఒక పక్కకు ఉరికేవి, బండి అటు ఒరిగేది. స్టీరింగు సరిచేసేసరికి అవే నీళ్లు రెండో పక్కకు వచ్చేవి, బండి ఇటు ఒరిగేది. నిండుగా జనం ఎక్కిన బస్సును మలుపు తిప్పడం నాకు అలవాటే. జనం కమ్మీలు పట్టుకుని నిలబడతారు. నీళ్లకు ఆ తెలివి లేదు.

ఒక ఉదయం చెరువుకట్ట మీద ఎడమ మలుపు తిరుగుతుంటే గొర్రెల మంద ఎదురొచ్చింది. అనుకున్నదానికంటే కాస్త గట్టిగా తిప్పాల్సి వచ్చింది. అక్క కూర్చున్న ఎడమ పక్క పైకి లేచింది. వెనక చక్రం నేల వదిలిన సంగతి నాకు సీటులోనే తెలిసింది. ఒక్క క్షణం గాలిలో ఉండి, దబ్బున కిందికి వచ్చింది. కట్టకు కుడివైపు అంతా రాళ్ల దిగుడు.

అక్క అరవలేదు. "ఆపు, దిగుతా" అంది మెల్లగా.

ఆ రోజు నుంచి మలుపు రాగానే దిగి, బండి పక్కన నడిచేది. నడుస్తూ తొట్టి చెక్క మీద అరచెయ్యి ఆనించి ఉంచేది.

"నీ చెయ్యి ఆపుతాదా అక్కా దీన్ని?" అన్నాను.

"ఆపదులే. ఊరికే పెట్టినా" అంది.

తలుపు అద్దంలో ఆమె చెయ్యి కనబడుతుంటే నాకు గేరు మార్చడానికి కూడా మనసొప్పేది కాదు. ఎర్రటి ఎండలో, దుమ్ములో, కొంగు నెత్తిన కప్పుకుని, బండి ఎంత మెల్లగా పోతే అంత మెల్లగా నడిచేది. మలుపు దాటాక ఎక్కి, మొహం తుడుచుకుని, ఏమీ జరగనట్టు తోట సంగతులు మాట్లాడేది.

నాతో పనిచేసే కండక్టరు ఒకాయనకు గుంతకల్లులో రైల్వేలో ఉద్యోగం చేసే బంధువు ఉన్నాడు. ఆ బంధువుకు పాత బండ్లంటే పిచ్చి. నా బాధ విని కండక్టరు ఫోను కలిపి ఇచ్చాడు. ఆ రైల్వే ఆయన అంతా విని, "దానికి స్వే బార్లు ఉండవు గదా. కంపెనీ వాడు ఆ కాలంలో పెట్టలేదు. నా దగ్గర ఒక జత ఉంది, బయట చేయించింది. నా బండికి పెట్టాలని తెచ్చి, పెట్టకనే ఇంట్లో ఉంచుకున్నా. తీసుకుపో" అన్నాడు.

స్వే బారంటే నాకు బస్సుల వల్ల తెలుసు. అడ్డంగా, రెండు చివరలూ వంచి ఉన్న లావుపాటి ఉక్కు కడ్డీ. బండి ఒక పక్కకు ఒరగబోతే ఆ కడ్డీ మెలిపడి, ఒరగనీయకుండా వెనక్కి లాగుతుంది. గుంతకల్లు వెళ్లి, ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి, గోనెసంచుల్లో చుట్టుకుని తెచ్చాను.

బావ బండికి ఎప్పుడూ పని చేసే మెకానిక్కుకు బత్తలపల్లె రోడ్డులో షెడ్డు ఉంది. సాయిబుల మనిషి, బావ ఈడువాడు, బావ స్నేహితుడు. అక్కను చెల్లె అంటాడు. కడ్డీలు విప్పి చూసి గడ్డం గోక్కున్నాడు.

"ఇది ఈ బండికి కొలత పెట్టి చేసింది కాదప్పా. చేసి చూద్దాం. కుదరకుంటే నన్ను అనొద్దు."

రెండు వారాలు బండి షెడ్డులోనే ఉంది. ఆ రెండు వారాలూ అక్క ఎవరెవరి ట్రాక్టరునో బతిమాలి, దొరికిన రోజు దొరికినన్ని నీళ్లు తోలించుకుంది. నేను ఖాళీ దొరికినప్పుడల్లా షెడ్డుకు వెళ్లి పట్టుకునే చోట పట్టుకున్నాను. వెనక కడ్డీ ఇరుసుకు కట్టాం కానీ సైలెన్సరు గొట్టం అడ్డొచ్చింది. గొట్టం కోసి, కిందికి వంచి మళ్లీ అతికించాడు. ముందు కడ్డీ ఇంకా సతాయించింది. బిగించి రోడ్డు మీదికి తీస్తే, కుడికి తిప్పినప్పుడల్లా టక్కుమని చప్పుడు. పడుకుని చూస్తే కడ్డీ స్టీరింగు రాడ్డును తాకుతోంది. అక్కడే విప్పేశాడు.

"ఇట్లనే తోలితే ఏదో ఒకరోజు స్టీరింగు పట్టేస్తాది. తప్పు నాదే, తిప్పి చూసుకోవాల్సింది" అన్నాడు. మందపాటి రేకుతో కొత్త బిగింపులు చేసి, కడ్డీని ముందుకు జరిపాడు.

ఆ రోజు మధ్యాహ్నం అక్క క్యారియరులో మా ఇద్దరికీ రాగి సంగటి తెచ్చింది. మెకానిక్కు బండి కింద పడుకుని, కడ్డీని బండి చట్రానికి కలిపే వెనక లింకులు బిగిస్తున్నాడు. బిగిస్తున్నవాడు ఆగిపోయాడు. చాలాసేపు పానా చప్పుడు లేదు.

"ఏమైందన్నా?" అన్నాను.

పాక్కుంటూ బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ అక్క వైపు చూశాడు.

"చెల్లే, ఒకటి చెప్పల్ల నీకు. ఈ కమాన్ కట్టలు ముసలివైపోయి మెత్తబడినాయి అనుకుంటాండాం గదా. కాదు. వీటిల్లో పట్టీలు తక్కువుండాయి. రెండు పక్కలా రెండేసి పట్టీలు నేనే తీసినా. మర్చేపోయినా."

"నువ్వెందుకు తీసినావన్నా?"

"ఆయన తీయమన్నాడు. నీకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు. అనంతపురం ఆస్పత్రి నుంచి నిన్ను ఇంటికి తెచ్చే ముందురోజు బండి తెచ్చినాడు. కుదుపు తగిలితే కుట్లు తట్టుకోలేవంట, మెత్తగా చెయ్యమన్నాడు. బరువు మొయ్యదప్పా అంటే, మొయ్యకుంటే మొయ్యకపోనీ అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. బండి పాడుచేసినాడని తిడతావంట."

అక్క క్యారియరు కింద పెట్టి, అక్కడున్న పాత టైరు మీద కూర్చుంది. నేను ఆమె మొహం చూడలేక బండి కేసి చూస్తూ నిలబడ్డాను.

"ఆ పొద్దు నాకు ఒక్క గుంత తెలియలేదు" అంది అక్క. "పరుపు మీద పడుకోబెట్టి తెచ్చినాడు. మెల్లగా తోలినాడేమో అనుకున్నా. మెల్లగా ఏమీ తోలలేదు, రోడ్డు మీద చెట్లు వెనక్కి పోతానే ఉన్నాయి. అప్పుడు నాకు తట్టలేదు."

మళ్లీ ఆ పట్టీలను వేయించాలని మాత్రం బావ ఎందుకు అనుకోలేదో ఎవరికీ తెలియదు. ఆపరేషన్ తర్వాత ఆయన ఆ బండిలో పెద్ద బరువులు ఎత్తించలేదు. గుండెపోటు వచ్చి పోయేదాకా బండి అలాగే తిరిగింది.

మెకానిక్కు నన్ను పక్కకు పిలిచి, స్వే బార్లు ఒరగకుండా ఆపుతాయి కానీ బరువు మోయవని, నిండు ట్యాంకు పట్టాలంటే పట్టీలు తిరిగి వేయాల్సిందేనని అన్నాడు. ఆ మాట అక్కకు ఎట్లా చెప్పాలా అని ఇద్దరం తటపటాయిస్తుంటే, ఆమె టైరు మీద నుంచే అడిగింది.

"ఆ తీసిన పట్టీలు యాడుండాయి?"

"ఆయనే ఎత్తుకపోయినాడు ఇంటికి."

అక్క కళ్లు చిన్నవి చేసి ఆలోచించింది. "మా శనక్కట్టె వామి మీద పట్ట ఎగిరిపోకుండా బరువుకు పెట్టిన ఇనుప పట్టీలు... అవేనా?"

అవే. ఆ సాయంత్రం వేరుశనగ కట్టె కుప్ప మీద టార్పాలిన్ పైనుంచి నేనే దించాను. తుప్పు పట్టాయి కానీ విరగలేదు.

"వాటిని వేస్తే బండి మళ్లీ గట్టిపడుతుంది చెల్లే. ఒళ్లు హూనం అయితాది" అన్నాడు మెకానిక్కు మర్నాడు. ఆయన అడిగింది కుదుపు గురించి కాదని మా ముగ్గురికీ తెలుసు.

"నా కుట్లు ఎప్పుడో మానినాయన్నా. ఇప్పుడు చెట్లు సస్తాండాయి. వెయ్యి" అంది అక్క.

ఆయన పట్టీలు గీకి, గ్రీజు పూసి, మళ్లీ కట్టలో పెట్టాడు. బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టి, ట్యాంకు నిండా నీళ్లు నింపించి, బరువు మీద ఉన్నప్పుడే లింకులు చివరిసారి బిగించాడు. ఖాళీగా ఉన్నప్పుడు బిగిస్తే కడ్డీ ముందే మెలిపడి ఉంటుందని చెప్పాడు.

మరుసటి రోజు అంచుల దాకా నీళ్లతో కట్ట మీదికి వెళ్లాం. మలుపు దగ్గర అలవాటుగా బండి ఆపాను. అక్క తలుపు గడియ మీద చెయ్యి వేసి, తీయలేదు.

"పోనీ" అంది.

బండి మలుపు తిరిగింది. ఒరగలేదని అనను. ఒరిగింది, కానీ ఎంత ఒరగాలో అంతే ఒరిగి నిలబడింది. నీళ్లు కూడా చప్పుడు చేయలేదు. కట్ట దిగాక గుంతల్లో మాత్రం మమ్మల్ని ఎగరేసి కుదిపింది. అక్క నడుం పట్టుకుని, "అబ్బా" అని, ఎందుకో నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆ వేసవి అంతా తోలాం. చెట్టు చెట్టుకూ పాదులో గొట్టం పెట్టి, తడిసిన చోట అక్క ఎండాకులు కప్పేది. అన్నీ దక్కలేదు. మిట్ట మీద వరసల్లో చాలా చెట్లు కొమ్మల చివర నుంచి ఎండుకుంటూ వచ్చి చచ్చిపోయాయి. అక్క వాటిని వెంటనే కొట్టించలేదు. వానలు పడి, పల్లపు చెట్లు చిగురు వేసిన తర్వాతే మనుషుల్ని పిలిచింది. ఆ ఖాళీల్లో దానిమ్మ పెట్టింది. మిగిలిన చీనీ చెట్లు కాశాయి. కాయ చిన్నదే, కానీ రసం ఉంది.

ఈ ఏడు మళ్లీ ఎండలు ముదిరాయి. వానలకు తిరిగి ఊరిన అక్క బోరులో నీళ్లు ఇంకా ఉన్నాయి కానీ, పక్క చేను ఆయన దానిమ్మ వాడిపోతోంది. మొన్న ఫోను చేసి, "ఎప్పుడు డ్యూటీ లేదురా నీకు? ఆయప్ప చేనికి నీళ్లు తోలాల. మాట ఇచ్చేసినా" అంది. ఆదివారం వస్తానని చెప్పాను.