రొట్టె కాదు, పసిది

ఇన్నాళ్లూ ఈ సంగతి రాయలేదంటే నాకు రాత రాకపోవడమే కారణం. మా రోజుల్లో, మలయాలో మా రబ్బరు ఎస్టేటు బడికి ఆడపిల్లల్ని పంపేవారు కాదు. అరవై దాటాక మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను.

1939లో ఐరోపాలో యుద్ధం మొదలైనప్పుడు నేను కౌలాలంపూరులో, మన దేశపు కూలీల బాగోగులు చూసే ఆఫీసులో వంటమనిషిని. ఇప్పుడు ఎంబసీ అంటున్నామే, ఇంచుమించు అలాంటిది. యుద్ధం వచ్చాక ఆఫీసర్లలో కొందరు ఇండియా వెళ్లిపోయారు. మిగిలినవారిని తలా ఒక మూలకు పోస్టింగు వేశారు. ఎవరికి ఏ భాష వచ్చో చూసి పంపే తీరిక లేదు. అలా రాఘవన్‌గారు పేరాక్ తీరానికి వచ్చారు. తమిళుడు, తెలుగు రాదు, నెమ్మదైన మనిషి. బయటి తిండి పడదని నన్నూ వెంట తెచ్చుకున్నారు.

ఇండియా తిరిగి వెళ్లే కూలీలను హుటాన్ మెలింటాంగ్ రేవులో లాంచీ ఎక్కించి, పెనాంగ్‌లో ఓడకు చేర్చడం ఆయన పని. ఓడలు అరుదైపోయాయి. ఒకటి తప్పితే మరొకటి ఎప్పుడో చెప్పగలిగినవాళ్లు లేరు.

ఆ సాయంత్రం, పోటు తీయకముందే ఏటి మొగ దాటాలని లాంచీ నడిపే సరంగు తొందరపెట్టి లాంచీ తీసేశాడు. నేను వెనక పొయ్యి దగ్గర ఉన్నాను. ఇంజను చప్పుడులో ఏమీ వినపడదు. రాఘవన్‌గారు వచ్చి తమిళంలో, "అమ్మా, ఇంకో రొట్టె ఉందా? ఒక అమ్మాయి ఆకలి ఆకలని ఏడుస్తోంది. ఇచ్చింది విసిరేసింది," అన్నారు.

ముందుకు వెళ్లాను. ఆ పిల్ల పేరు పైడమ్మ. మొగుడు పోతే కన్నవారింటికి వెళ్తోంది. ఈ దేశానికి కొత్త, తమిళం రాదు. లాంచీలో మిగతా కూలీలంతా తమిళులే.

"మహారాణికి రొట్టె రుచించలేదు, ఇడ్లీ పెట్టండయ్యా!" అని ఒక ముసలమ్మ ఎగతాళి చేస్తోంది.

పైడమ్మ ఒడ్డువైపు చేతులు చాచి, "పసిది! పసిది!" అని అరుస్తోంది. తమిళంలో పసి అంటే ఆకలి. 'పసిక్కుదు' అంటే ఆకలేస్తోందని.

"ఏటమ్మా, ఏటైనాది?" అన్నాను.

తెలుగు మాట వినగానే నా చెయ్యి పట్టేసుకుంది. "నా పసిది ఒడ్డునుండిపోనాది అత్తా! పెట్టె పడవ లోన పెట్టొత్తానని, సాగనంపడానికొచ్చిన గౌరమ్మ సేతికిచ్చినాను. ఇంతట్లోకే పడవ తీసేసినారు. ఈ బాబేమో రొట్టెలిత్తన్నాడు!"

నేను చెప్పగానే రాఘవన్‌గారి మొహం పాలిపోయింది. లాంచీ తిప్పమన్నారు.

"తా బొలే లా, తువాన్," కుదరదండీ, అన్నాడు సరంగు మలయ్ భాషలో. తిప్పితే నీళ్లు తీసేస్తాయి, మళ్లీ పోటు వచ్చేదాకా బురదలో పడి ఉండాలి, ఓడ అందదేమో అన్నాడు.

ఇందాకటి ముసలమ్మే లేచింది. "ఓడ పోతే పోనీరా. ఆ బిడ్డకు పాలు నువ్వు ఇస్తావా? తిప్పు!"

లాంచీ తిరిగింది. గౌరమ్మ బిడ్డను భుజాన వేసుకుని మోకాలి లోతు బురదలో నిలబడి ఉంది. "నీ కూతురు నా సెవి పీకేసినాదే!" అని తిడుతూనే ఏడ్చింది.

సరంగు అన్నట్టే నీళ్లు తీసేశాయి, ఆ రాత్రికి అందరం రేవులోనే దిగిపోయాం. చీకటి పడ్డాక రాఘవన్‌గారు నా దగ్గరికి వచ్చి, "నాకు అర్థమైందనే అనుకున్నానమ్మా," అన్నారు. ఆయన ఆకలి తెలిసిన మనిషి కాబట్టే రొట్టె తెచ్చారు. తెలియని మాటైతే ఎవరినైనా పిలిచి అడిగేవారు. తెలిసినట్టు వినిపించే మాట దగ్గరే ఇంకోసారి అడగాలని నాకూ ఆ రోజే తెలిసింది. ఓడ అందింది లెండి. యుద్ధకాలం కదా, అదీ ఆలస్యంగానే కదిలింది.

మర్నాడు పొద్దున మళ్లీ పోటు వచ్చినప్పుడు నేను పొయ్యి వెలిగించలేదు. లాంచీ ఎక్కే బల్ల దగ్గర నిలబడి, ఒక్కొక్కరినీ తమిళంలోనూ తెలుగులోనూ అడిగాను, "మీవాళ్లెవరైనా ఒడ్డున ఉండిపోయారా?" అని. పైడమ్మ నిద్రపోతున్న పసిదాన్ని ఎత్తి చూపించింది. అప్పుడు బయల్దేరమని సరంగుకు చెయ్యి ఊపాను.