మూడు నిమిషాలకు నూరు చుట్లు

కోసపాళయంలో రంగనాథం కొట్టుకు బోర్డు లేదు. వాకిట్లో వేలాడే పాత స్పీకరే గుర్తు. 2006 నాటికి ఆ కొట్టులోకి పాటలు వినే యంత్రాలు రావడం దాదాపు ఆగిపోయింది. మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు వచ్చేవి. ఆయన వాటినీ అంతే ఓపికగా విప్పేవాడు. తీసిన స్క్రూలను తీసిన వరుసలోనే పాత క్యాలెండరు అట్టకు గుచ్చి పెట్టుకునేవాడు.

ఈ పని ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పదహారో ఏట ఇంట్లో రేడియో మూగబోతే విప్పాడు. అది మళ్ళీ పలకడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ తండ్రి ఆయనతో మాట్లాడలేదు. ఇంట్లో మాట తెలుగు, ఊరు తమిళులది గనుక చదవను రాయను వచ్చింది తమిళం. యంత్రం ఏ దేశానిదైనా దాని మీది గుర్తులు మాత్రం పోల్చుకోగలడు. మనుషుల మాటకంటే ఆ గుర్తుల మీదే ఆయనకు గురి.

ఆ జూలైలో అదే ఊళ్ళోని సారం పేట నుంచి దినకరన్ ఆటోలో ఒక రికార్డు ప్లేయరు తెచ్చాడు. వెంట భార్య సెత్సుకో వచ్చింది. దినకరన్ జపానులో కోబె రేవులో ముప్పై ఏళ్ళు వెల్డరుగా పనిచేశాడు. పెళ్ళి అక్కడే చేసుకున్నాడు, కిందటేడు ఇద్దరూ ఇక్కడికి వచ్చేశారు. సెత్సుకోకు యాభై నాలుగేళ్ళు. మొగుడి దగ్గర నేర్చుకున్న తెలుగు మాట్లాడుతుంది. వీధిలో అందరికీ ఆమె జపాన్ అక్క.

ప్లేయరుతోపాటు వచ్చిన పెట్టెలో ఎనిమిది రికార్డులున్నాయి. అన్నీ వేసవి పాటలే. చిన్ననాడు ఆ పాటలు విని నడివయసుకు వచ్చినవాళ్ళ కోసం ఏరి వేసిన పెట్టె అది.

"పాట నిదానంగా పోతా ఉండాది అన్నా," అంది సెత్సుకో. "పాడేది ఆడపిల్ల. ఈడ మొగపిల్లోడు పాడినట్టు ఉండాది."

రంగనాథం ప్లేయరు విప్పి శుభ్రం చేశాడు, నూనె వేశాడు, కొత్త బెల్టు తొడిగాడు. వేగం చూడడానికి తిరిగే పళ్ళెం అంచున చుక్కల వరుస ఉంది. ట్యూబులైటు వెలుగులో చూస్తే, వేగం సరిగ్గా ఉన్నప్పుడు ఆ చుక్కలు కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. ఆయన ట్యూబులైటు వేసి పళ్ళెం తిప్పాడు. చుక్కలు గోడకు కొట్టిన మేకుల్లా నిలబడ్డాయి.

సెత్సుకో మళ్ళీ విని తల అడ్డంగా ఊపింది. "ఇంకా నిదానమే."

"చుక్కలు చూడమ్మా. ఒక్కటన్నా కదులుతుందా? మిషన్ సరిగ్గా ఉండాది. వినే చెవికి వయసైతే అట్లే ఉంటుంది."

"నా జ్ఞాపకం తప్పంటావా?"

"మిషన్ తప్పు లేదంటా ఉండా."

ప్లేయరు ఇంటికి వెళ్ళిపోయింది.

మూడు వారాల తరవాత ఒక పొద్దున దినకరన్ ఒక్కడే వచ్చాడు. ఊరికే వచ్చినవాడిలా స్టూలు మీద కూర్చున్నాడు. తరవాత అసలు మాట చెప్పాడు. సెత్సుకో తల్లి యాభై ఏడో ఏట మతిమరుపులో పడి, చివరికి కూతురినే గుర్తుపట్టకుండా పోయింది. ఆ తల్లి మొదట మరిచింది పాటలనే. ఇప్పుడు సెత్సుకో రికార్డుల పెట్టెకు తాడు కట్టి అటక మీద పెట్టేసింది. గ్యాసు ఆపిందీ తలుపు వేసిందీ నోటుబుక్కులో రాసుకుంటోంది.

"గురువారం కదిర్కామంలో డాక్టరు దగ్గరికి తీసకపో అంటా ఉండాది రంగన్నా. నువ్వు చుక్కలు చూపించినావు చూడు, ఆపొద్దు నుంచే ఇదంతా."

రంగనాథం చేతిలో ఉన్న మిక్సీ జారును పక్కన పెట్టాడు. "ఇయ్యాల ఏం వారం?"

"సోమవారం."

"సరే, పద."

సారంలో ఆ ఇంటి ముందుగదిలో ఆయన ప్లేయరు జోలికి పోలేదు. చేతిగడియారం విప్పి బల్లమీద పెట్టాడు.

"అమ్మా, పెట్టెలో మొదటి పాట మిషన్ లేకుండా పాడు. నీకు ఎట్లా గుర్తుంటే అట్లా."

"ఏంది అన్నా, పెళ్ళిచూపులా?"

"చూపులు ముప్పై ఏళ్ళ కిందటే అయిపోయినాయి. ఇప్పుడేం చేసేది?" అన్నాడు దినకరన్. ఆమె మొదటిసారి కొంచెం నవ్వింది. తరవాత పాడింది.

రెండు నిమిషాల యాభై సెకన్లు పట్టింది. రంగనాథం మంచినీళ్ళు అడిగి తాగాడు. ఇంటి సంగతులు మాట్లాడాడు. మళ్ళీ పాడమన్నాడు. రెండు నిమిషాల యాభై ఒకటి. దినకరన్ టీ తెచ్చాక మూడోసారి పాడమన్నాడు. రెండు నిమిషాల యాభై. ప్లేయరులోనే ఉండిపోయిన మొదటి రికార్డు వేసి చూస్తే అదే పాటకు మూడు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు పట్టింది.

"మరిచేవాళ్ళు మూడుసార్లు ఒక్కచోటే తప్పరు," అన్నాడు రంగనాథం.

పళ్ళెం అంచుకు ఒక కాగితం ముక్క అంటించి, ట్యూబులైటు ఆపి, కిటికీ వెలుతురులో చుట్లు లెక్కపెట్టాడు. మూడు నిమిషాలకు నూరు చుట్లు రావాలి. ఎనభై మూడు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. ఎనభై మూడే.

అప్పుడు మోటారు తీసి తిరగేశాడు. దాని మీద అక్షరాలు ఆయనకు రావు. 60 అన్న అంకె ఒక్కటి చాలింది. కోబెలో కరెంటు సెకనుకు అరవై సార్లు కొట్టుకుంటుంది, ఇక్కడ యాభై సార్లు. దినకరన్ ప్లేయరుకు పెట్టిన ట్రాన్స్‌ఫార్మరు ఓల్టేజీని తగ్గిస్తుంది గాని ఆ కొట్టుకోవడాన్ని మార్చదు. అందుకే మోటారు నిదానించింది. ట్యూబులైటుదీ అదే యాభై. రెండూ ఒకే మేరకు వెనకబడ్డాయి గనుక కోబె కోసం చెక్కిన చుక్కలు ఇక్కడ నిదానం మీదే నిలబడ్డాయి. ఆయన ఒక తప్పును ఇంకో తప్పుతో కొలిచాడు.

ఇదంతా ఆయన వాళ్ళకు వివరించలేదు. మోటారు కొసన బెల్టును తిప్పే ఇత్తడి పుల్లీని జేబులో వేసుకుని లేచాడు.

లేతు మిషన్ మీద ఇనుమూ ఇత్తడీ చెక్కే కుప్పన్ ఆ పుల్లీని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "ఏంది రంగన్నా, జపాన్‌వాడు చేసింది కోసపాళయంలో సరిచేస్తావా?"

"వాడు తప్పు చేయలే. వాడి ఊరికి చేసుకున్నాడు. మనూరికి మనం చేయాల."

పుల్లీ లావైతే పళ్ళెం వేగం పెరుగుతుంది. పాతది పది మిల్లీమీటర్ల లావు. లెక్క ప్రకారం కొత్తది పన్నెండు. రంగనాథం పన్నెండున్నరకు ఆపమన్నాడు. బెల్టు మందం కూడా లెక్కలోకి వస్తుంది, తీసేసిన ఇత్తడిని మళ్ళీ అతికించలేం. మంగళవారమంతా ఆయన సారానికీ లేతు షెడ్డుకూ సైకిలు మీద తిరిగాడు. మొదటిసారి నూటమూడు చుట్లు వచ్చాయి. వెంట్రుకవాసి తీయించాడు. నూటొకటి. మళ్ళీ తీయించాడు. నాలుగోసారికి సరిగ్గా నూరు వచ్చాయి. అయినా ఇంకో రెండుసార్లు లెక్కపెట్టాడు.

బుధవారం పొద్దున అటక మీది పెట్టె దించి, సెత్సుకో తాడు విప్పింది. రికార్డు మీద ముల్లు పెట్టగానే ఆడపిల్ల గొంతు వచ్చింది. సెత్సుకో నిలబడే కళ్ళు మూసుకుని గొంతు కలిపింది. పాటా ఆమె గొంతూ ఒక్కచోటే ఆగాయి. రంగనాథం గడియారం చూశాడు. రెండు నిమిషాల యాభై ఒకటి.

"నా చెవికి వయసైందంటివే," అంది సెత్సుకో.

"అన్నాను. తప్పు అన్నాను."

ఆమె లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చింది. గురువారం అని రాసుకున్న పుట చింపి దినకరన్ చేతిలో పెట్టింది. "రేపు చేపల మార్కెట్టుకు పోదాం," అంది.

రంగనాథం పాత పుల్లీని కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఎప్పుడైనా ప్లేయరుతో కోబె పోతే మళ్ళీ ఇదే వేసుకోవాలని చెప్పాడు. తరవాత ప్లేయరు ఆపి, చిన్న కుంచెతో పళ్ళెం అంచున ఉన్న చుక్కల మీద నల్లరంగు పూయసాగాడు. అవతల సెత్సుకో రెండో పాట తనే పాడుకుంటోంది.

"దీంట్లో ఏం చెప్తా ఉండారు?" అని అడిగాడు.

"వేసవి అయిపోయింది. సముద్రం ఒడ్డున ఐసు అమ్మే అంగడి మూసినారు. వచ్చే ఏడు దాకా మళ్ళీ కలిసేది లేదని ఏడస్తా ఉండాది."

రంగనాథం కుంచె ఆపాడు. "ఎండలు పోయినాయని ఏడ్చేవాళ్ళు కూడా ఉండారా?"

"ఒక్క కత్తిరి ఎండాకాలం ఈడ గడిపితే ఆ పిల్ల పాటే మార్చేస్తుంది," అన్నాడు దినకరన్.

రంగనాథం మిగిలిన చుక్కల మీద కూడా రంగు పూసి, కుంచె తుడుచుకున్నాడు. రంగు ఆరేదాకా పళ్ళేన్ని ముట్టుకోవద్దని చెప్పి సైకిలెక్కాడు.