తల తిప్పిన పుర్రె

మా అక్క మొగుడి ఉద్యోగాన్ని ఒకే ఒక రాయితో పడగొట్టబోయిన ఘనత నాది. అదీ రాయి విసరకుండానే. నవ్వొస్తే నవ్వండి గానీ మా అక్కకు మాత్రం చెప్పకండి. ఆమెకు ఇప్పటికీ సగమే తెలుసు.

అప్పట్లో హోసూరు లైబ్రరీ బీరువాలన్నీ నా తలలోనే ఉన్నాయనుకునేవాణ్ణి. ఒకసారి కోట్ల ఏండ్ల నాటి సరీసృపాల మీద ఒక పుస్తకం దొరికింది. రాయిలో ఇరుక్కున్న పుర్రెను పగలగొట్టకుండా స్కానింగ్ యంత్రంలో పెట్టి, వంకాయను చక్రాలుగా తరిగినట్టు పొరపొరగా చూస్తారట. మెదడు ఉండిన గుంత, చెవిలోని సన్నటి నాళాలు, కంటి వెనక రంధ్రాలు, అన్నీ కనిపిస్తాయట. ఆ అధ్యాయం కంఠతా పట్టినాను. దాని ముందర రాళ్ల గురించి ఇంకో అధ్యాయం ఉండింది. రాళ్లలో చదవడానికేముందని వదిలేసినాను.

ఆ వారమే రాయకోట కొండ వాలులో కొబ్బరికాయంత రాయి దొరికింది. ఒక పక్క వేలు దూరేంత చీలిక. చెవి దగ్గర పెట్టుకుంటే, లోపల ఎవరో ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దం. ఇంకేం కావాలి!

మా బావ నారాయణప్ప హోసూరులో ఒక స్కాన్ సెంటరులో యంత్రం నడుపుతాడు. రోగిని తప్ప ఇంకేది పెట్టినా ఆ రోజే ఇంటికి పంపుతానని డాక్టరు ఎప్పుడో చెప్పి ఉన్నాడట.

"ఈ పని పోతే మీ అక్క నన్ను యాడ పెడుతుందో తెలుసా?" అన్నాడు బావ.

"పుర్రె దొరికితే దానికి నీ పేరే పెడతారు బావా. నారాయణప్పసారస్."

బావ ఆ పేరును మెల్లగా రెండుసార్లు పలికి చూసుకున్నాడు. అంతే, పడిపోయినాడు.

ఆదివారం మధ్యాహ్నం. సెంటరులో మేమిద్దరమే. మనుషులు తల పెట్టే చోట రాయిని పెట్టి, పట్టీ బిగించి, తలుపు మూసి ఇవతలి గదిలో కూర్చున్నాము. అద్దం అవతల ఆ చలిగదిలో యంత్రం గుండ్రంగా తిరుగుతూ మూలుగుతూ ఉంది. తెర మీద ముందు అంతా తెల్లటి రాయి. తర్వాత నల్లటి గుల్ల. ఆ నలుపులోంచి, బావి నీళ్లలో ముఖం తేలినట్టు, పొర తర్వాత పొరగా ఒక దవడ పైకొచ్చింది. సూదుల్లాంటి పళ్లు. పెద్ద కంటిగుంత. అది నేరుగా మమ్మల్నే చూస్తా ఉంది.

ఎముక చుట్టూ ఏదో బూడిదరంగు మెత్తటి పొర కనిపించింది. పాతకాలపు బురద అని అక్కడికక్కడే తేల్చేసినాను. పండితుణ్ణి కదా!

"ఇంకొక్కసారి, సన్నగా కోసి చూద్దాం బావా" అన్నాను.

రెండోసారి తీసినాము. పుర్రె అటు తిరిగి ఉంది.

బావ నా వైపు చూసినాడు. నేను తెర వైపు చూసినాను. గదిలోకి ఎవరూ పోలేదు. బావ తలుపు తీసి చూసొచ్చినాడు. రాయి కదల్లేదు, పట్టీ వదులు కాలేదు.

"ఎన్ని కోట్ల ఏండ్లు అంటివప్పా?" అన్నాడు.

అప్పుడు స్పీకరులోంచి వినిపించింది. లోపల పడుకున్న రోగి మాట్లాడితే మనకు వినపడడానికి పెట్టిన స్పీకరు అది. టక్... టక్... టక్.

నేను బావ చెయ్యి పట్టుకున్నాను. బావ నాది పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. కళ్లద్దాలు మరిచిపోయినానని డాక్టరు వచ్చినాడు.

మేము చెప్పిందంతా విన్నాడు. నింపాదిగా లోపలికి పోయి రాయిని ఎత్తి చూసినాడు. "ఇది గ్రానైటు కదప్పా. నిప్పులో కరిగి చల్లారిన రాయి. ఇందులో పుర్రె వెతకడమంటే కాగే నూనెలో కప్పను వెతకడమే. నారాయణప్పా, నువ్వు రేపటి నుంచి..." అంటూ చీలిక లోపలికి చూడడానికి రాయిని కళ్లదాకా ఎత్తినాడు.

నారాయణప్పసారస్ బయటికి దూకి ఆయన నడినెత్తిన పడింది. అక్కడ ఒక్క క్షణం ఆలోచించి, గోడ మీదికి ఎగిరి పోయింది. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లు ఉన్నారు. కొండను స్కాన్ చేసి బల్లిని పట్టింది మేమే.

నడినెత్తిన బల్లి పడితే ఏమవుతుందో పంచాంగంలో రాసి ఉంటుంది. చదువుకున్నవాళ్లు నమ్మరు. కానీ ఆ పేజీ అందరికీ కంఠతా వచ్చు. డాక్టరు ముఖం తెర మీది పుర్రె రంగుకు తిరిగింది.

"భుజం మీద పడింది కదా?" అన్నాడు మెల్లగా.

"నెత్తినే సార్" అన్నాడు బావ. మా బావకు అబద్ధం చేతకాదు.

డాక్టరు కుర్చీలో కూలబడినాడు. "నీకు కారు తోలడం వచ్చు కదా? నా చేతులు ఆడడం లేదు. ఈ మాట మా ఇంట్లో గానీ సెంటరులో గానీ తెలియకూడదు. తెలియనంత కాలం నీ ఉద్యోగానికి ఢోకా లేదు."

"యాడికి పోవాల సార్?"

"కంచికి. బంగారు బల్లిని తాకితే దోషం పోతుంది."

కథలు కంచికి పోతాయి, మనుషులు ఇంటికి పోతారంటారు. మా కథను మేమే కారులో ఎక్కించుకొని కృష్ణగిరి మీదుగా కంచిదాకా దించొచ్చినాము. గుడిలో డాక్టరు కళ్లు మూసుకొని బల్లిని తడుముతూ ఉంటే, నేను దాని కంటి వెనక వేలు పెట్టి రంధ్రాలు లెక్కబెట్టబోయినాను. బావ నా చెయ్యి లాగేసినాడు.

ఆ బంగారు బల్లి సాక్షిగా అక్కడే ఒట్టు పెట్టుకున్నాను: చచ్చిందని రూఢిగా తెలిసేదాకా ఇక ఈ జన్మలో ఏ పుర్రెకూ పేరు పెట్టను.