అత్తయ్య చేతికి నడిచిన వాచీ

నేను ముచ్చటపడి కొనుక్కున్న మొదటి ఖరీదైన వాచీ నా చేతి మీద కంటే మా అత్తయ్య చేతి మీదే బాగా నడిచింది. అలా జరుగుతుందని ఆవిడ షోరూములోనే చెప్పింది. నేనే నవ్వి ఊరుకున్నాను.

వాచీల పిచ్చి నాకు చిన్నప్పటిది. తెనాలిలో మా నాన్న పొద్దున్నే కాఫీ తాగుతూ వాచీకి కీ ఇచ్చేవారు. ఆ కరకర చప్పుడు వినడం కోసం నేను పళ్ళు తోముకోవడం ఆపి ఆయన పక్కన నిలబడేదాన్ని. పెద్దయ్యాక హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, చేతికి రకరకాల బ్యాటరీ వాచీలు వచ్చాయి, పోయాయి. ఆ చప్పుడు మాత్రం రాలేదు. టీమ్ లీడ్‌ని అయిన ఏడాది, ఇక కొనుక్కుంటానని ఇంట్లో ప్రకటించాను.

"అంత పోసి వాచీ ఏంటే? గాజులు చేయించుకో, శుభ్రంగా లాకర్లో ఉంటాయి" అంది అమ్మ ఫోన్లో. మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు. మొగుడు ఆ మాట ఏ అర్థంలో అంటాడో పెళ్ళయిన ఏ ఆడదానికీ చెప్పక్కర్లేదు. నేను అసలు భయపడింది అత్తయ్యకు. ఆవిడ శేరిలింగంపల్లి వైపు మనిషి. పుట్టిన ఊరు కళ్ళముందే నగరంలో కలిసిపోయినా మాట మారలేదు, అలవాటు మారలేదు. చిరిగిన దిండుగలీబుకు కూడా రెండో జన్మ ఇస్తుంది. కొత్తగూడలో మా ఫ్లాట్‌లోనే మాతో ఉంటుంది. వాచీ సంగతి విని ఏమంటుందోనని నేను కూరగాయలు తరుగుతున్నట్టు నటిస్తూ నిలబడ్డాను.

"నీ కష్టం, నీ చెయ్యి. నువ్వు పెట్టుకుంటే ఎవలకేంది బిడ్డా?" అంది. "పా, నేను గూడ వస్త."

ఆ ఒక్క మాటకే నేను ఆవిడకు జీవితాంతం రుణపడి ఉండేదాన్ని. కథ అక్కడితో ఆగలేదు కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

షోరూములో అమ్మాయి చేతులకు తెల్ల తొడుగులు వేసుకుని, ముఖమల్ పళ్ళెంలో వాచీ పెట్టి చూపించింది. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బ్యాటరీ ఎన్ని దినాలస్తది?"

"ఇందులో బ్యాటరీ ఉండదమ్మా" అంటూ ఆ అమ్మాయి వాచీని వెనక్కి తిప్పింది. వెనక మూత అద్దమే. లోపల అర్ధచంద్రంలా ఒక బిళ్ళ ఊగుతోంది. "మనం చెయ్యి కదిపినప్పుడల్లా ఈ బిళ్ళ తిరుగుతుంది. దాంతో స్ప్రింగు చుట్టుకుంటుంది. దీనికి కీ ఉండదు, రోజూ పెట్టుకుంటే చాలు, ఆగదు."

అత్తయ్య నా వైపు తిరిగింది. "అయితే మా కోడలుకు నడవది. పొద్దంత కుర్సీల కూసొని వేళ్ళతోని టకటక కొడ్తది. చెయ్యి యాడ కదుల్తది?"

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక తల దించుకుంది. వాచీ చెవి దగ్గర పెట్టుకుని ఊపితే ఆ బిళ్ళ నాన్న వాచీలాగే కరకరమంది, నేను మొండికేసి కొన్నాను.

ఇంటికి రాగానే వాచీ దేవుడి గూట్లోకి వెళ్ళింది. అత్తయ్య దాని అద్దం మీద ఇంత పసుపు, దాని మీద కుంకుమ బొట్టు పెట్టింది. నా ప్రాణం గిలగిల్లాడింది. తర్వాత అద్దం తుడుచుకున్నాను. తోలు పట్టీ కుట్లలో ఇరుక్కున్న కుంకుమ మాత్రం ఈరోజుకీ పోలేదు.

ఆవిడ జోస్యం ఫలించడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో నా ఎడమ చెయ్యి బల్ల మీద నిద్రపోతుంది. శని, ఆదివారాలు వాచీ అల్మారాలో నిద్రపోతుంది. ఒక సోమవారం ఆఫీసులో వాచీ చూసుకుని, మీటింగుకు ఇంకా బోలెడు టైముందని నింపాదిగా కాఫీ తాగి వెళ్తే, లోపలి నుంచి అందరూ బయటికి వస్తున్నారు. వాచీ ఎప్పుడో ఆగిపోయింది.

సాయంత్రం ఈ సంగతి చెబితే అత్తయ్య కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. "చెప్పిన గదా! ఇటియ్యి, జర దానికి బయటి గాలి తగలనియ్యి." అప్పటి నుంచి సెలవు రోజుల్లో వాచీ ఆవిడది. బట్టలు ఆరేస్తూ, ఇల్లూడుస్తూ, కింద బండి దగ్గర కూరలు బేరమాడుతూ చేతులు ఊపే మనిషి కదా, వాచీ పరుగులు పెట్టేది. జొన్నరొట్టెలు చేసేటప్పుడు మాత్రం పిండి పోతుందని తీసి పక్కన పెట్టేది. సోమవారం పొద్దున్న నడుస్తున్న వాచీ నా చేతికి వచ్చేది. బడికి వెళ్ళే పిల్ల అన్నం డబ్బా అందుకున్నట్టు అందుకుని వెళ్ళిపోయేదాన్ని.

బతుకమ్మ పండగకు ఆవిడ ఆ వాచీ పెట్టుకునే కిందికి దిగింది. వాచీకి దెబ్బలు తగలకూడదని షోరూము అమ్మాయి మరీ మరీ చెప్పింది. అత్తయ్య మా అపార్ట్‌మెంటు ఆడవాళ్ళందరి మధ్య వంగి లేస్తూ చప్పట్లు కొడుతుంటే, ఒక్కో చప్పట్టుకీ నా కళ్ళు వాచీ మీదికే పోయాయి. నేను తెనాలి దాన్ని, నాకు ఆ అడుగులు రావు. అందుకని ఎప్పటిలాగే పక్కన అందరి ఫోన్లూ పట్టుకుని నిలబడ్డాను. వాచీకి ఏమీ కాలేదు. మర్నాటికి కొంచెం ముందుకు పరిగెత్తింది, అంతే.

సద్దుల బతుకమ్మ అయిన రాత్రి వాచీని ఆయుధపూజకు పెట్టేసింది. కత్తిపీట, మా ఆయన బండి తాళాలు, నా ల్యాప్‌టాప్, వాటి పక్కన ఒక ఇత్తడి పళ్ళెంలో వాచీ. పూజలో పెట్టిన పనిముట్టును పూజ పూర్తయ్యేదాకా ముట్టుకోకూడదని వాళ్ళింటి పద్ధతి. దసరా నాడు హారతి వేళకు చూస్తే వాచీ ఆగిపోయి ఉంది. అత్తయ్య పరేషానైపోయింది. పండగ పూట దేవుడి గూట్లో ఆగిన గడియారం ఉండకూడదు. నడిపిద్దామంటే పూజలో ఉన్నదాన్ని ముట్టకూడదు.

కాసేపు ఆలోచించి, "దాన్ని ముట్టొద్దు గానీ, పళ్ళెం ముట్టొచ్చు గద" అని పళ్ళెం రెండు చేతులా పట్టుకుని బియ్యం చెరిగినట్టు ఊపింది. సెకన్ల ముల్లు కదిలింది. టైము తప్పు చూపిస్తోందని నేనంటే, "టైము తర్వాత. ముందుగాల నడవనీ" అంది. ఆ రోజు మేం ముగ్గురం ఎంత నవ్వామో చెప్పలేను.

ఆ చలికాలంలోనే అత్తయ్య బట్టలు ఆరేస్తూ తడి బాల్కనీలో కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు ఉన్నన్నాళ్ళూ చెంచాతో అన్నం తిన్నది, నాతో జడ వేయించుకుంది, ఒకరి చేత చేయించుకోవలసి వచ్చినందుకు రోజంతా ముఖం ముడుచుకుంది. కట్టు విప్పాక చూస్తే వేళ్ళు సరిగ్గా ముడవడం లేదు, మణికట్టు తిరగడం లేదు. ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి స్పష్టంగానే చెప్పింది: "ఇప్పుడు కదపకపోతే చెయ్యి గిట్లనే ఉండిపోతది అమ్మా." అత్తయ్య తలూపింది. ఆ అమ్మాయి అటు వెళ్ళగానే ఇచ్చిన స్పాంజి బంతిని సోఫా కిందికి తోసేసి, చేతిని మళ్ళీ పసిబిడ్డలా పొట్టకు హత్తుకుంది.

అప్పుడు నాకు వాచీ గుర్తొచ్చింది. ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగి, నొప్పి ఉన్నచోటికి కొంచెం పైన, వదులుగా అత్తయ్య కుడిచేతికే పెట్టాను.

"అత్తయ్యా, నా చేతికి ఇది ఎలాగూ నడవదు. మీరే నడపాలి. ఆగిందంటే మీరు చెయ్యి కదపలేదన్నమాట" అన్నాను.

"మంచి పోలీసును తెచ్చిపెట్టినవ్" అంది గానీ ఒప్పుకుంది. రోజూ ఆఫీసు నుంచి రాగానే చూసేదాన్ని. వాచీ నడుస్తూనే ఉండేది. నా తెలివికి నేనే మురిసిపోయాను. చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉంది. "రోజు చేపిస్తున్నరా మేడం?" అని ఫిజియోథెరపీ అమ్మాయి నన్ను అనుమానంగా చూడటం మొదలుపెట్టింది.

ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. వంటింట్లో అత్తయ్య నిలబడి ఉంది. ఎడమచేతిలో ఆ ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో నా వాచీ. అటూ ఇటూ ఊపుతోంది. కుడిచెయ్యి పొట్ట దగ్గరే ఉంది.

నాకు ముందు నవ్వొచ్చింది. దొంగతనం దొరికిపోయిన ఆ ముఖం చూసి ఎవరికైనా వస్తుంది. కానీ ఆవిడ నవ్వలేదు. పళ్ళెం గట్టు మీద పెట్టి, కుర్చీలో కూలబడి ఏడ్చింది. పెళ్ళయ్యాక నేను ఆవిడ ఏడవడం చూడలేదు.

"నొస్తది బిడ్డా. కదిపితే మళ్ళ విరుగుతదేమోనని భయం. గీ చెయ్యి పోతే ఇగ నేను కూసొని మీతోని చేయించుకోవాలె. అది నాతోని కాదు."

"మరి నాకు చెప్పొచ్చు కదా అత్తయ్యా?"

"ఎట్ల చెప్పాలె? నువ్వు ఇంటికొచ్చి ముందుగాల వాచీ దిక్కు చూస్తవు. అది నడుస్తుంటే నీ మొకం వెలుగుతది. అలసిపోయి వచ్చిన పిల్ల, ఆ జర సంతోషం ఎందుకు తియ్యాలె?"

చెయ్యి బాగుపడదన్న భయాన్ని కడుపులో పెట్టుకుని, ఆవిడ నా ముఖం కోసం పళ్ళెం ఊపింది. ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. వ్యాయామం మాట ఎత్తబుద్ధి కాలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని, "నాకు బతుకమ్మ చప్పట్లు నేర్పుతారా? ఎప్పుడూ ఫోన్లు పట్టుకునే నిలబడుతున్నాను" అన్నాను.

లేచి, ఏదో గుర్తున్నంతవరకు వంగి చప్పట్లు కొట్టాను. ఆవిడ కాసేపు ఓర్చుకుంది. నా తాళం ఎంత అధ్వానంగా ఉందంటే, ఏడుస్తున్న మనిషికి కోపమొచ్చింది.

"గట్ల గాదు! వంగినప్పుడు ఒకటి, లేసినప్పుడు ఒకటి. ఇట్ల!" అని కుర్చీలోనే వంగి రెండు చేతులూ కలిపింది. మెత్తగా తగిలింది. నేను మళ్ళీ తప్పాను, ఈసారి కూడా నిజంగానే. "అయ్యో, చెవులున్నయా నీకు?" అంటూ మళ్ళీ కొట్టింది. ఇంకోసారి కొట్టాక తన కుడిచేతి వైపు చూసుకుంది. నేనూ చూశాను. అది పొట్ట దగ్గర లేదు.

పళ్ళెంలోంచి వాచీ తీసి మళ్ళీ ఆ చేతికే పెట్టాను. ఆ రోజు నుంచి నేను ఆఫీసు నుంచి రాగానే ముందు ఆవిడ ముఖం చూసేదాన్ని, తర్వాత డైనింగ్ టేబులు చుట్టూ మా బతుకమ్మ. నొప్పి పుడితే ఆగేది, నన్ను నాలుగు తిట్టి మళ్ళీ మొదలుపెట్టేది. మొదటిసారి చూసినప్పుడు మా ఆయన చెప్పులు విప్పడం మర్చిపోయి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఎండలు ముదిరేసరికి ఆవిడ మొదటి జొన్నరొట్టె తట్టింది. అంచులు చిరిగాయి, మధ్యలో మందంగా ఉంది. ముగ్గురం ఆ ఒక్క రొట్టెనే పంచుకుని తిన్నాం.

ఆ తర్వాత ఒక సోమవారం పొద్దున్న నేను బ్యాగు తగిలించుకుంటుంటే, "ఆగు, నీ వాచీ నువ్వు తీసుకపో" అంది అత్తయ్య. తన చేతి నుంచి విప్పి నా ఎడమచేతికి చుట్టింది. మణికట్టు విరిగాక ఆ కుడిచేత్తో ఆవిడ పట్టీ పెట్టిందే లేదు. ఆవిడ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పట్టీ కొసను పట్టుకుని బకిలులోకి తోశాయి. కొస జారిపోయింది. మళ్ళీ తోసింది. ఈసారి బకిలు ముల్లు పట్టీ చిల్లును వెతుక్కుంటూ పక్కకు పోయింది. సాయం చేద్దామని నా చెయ్యి పెట్టబోతే దాని మీద ఒక్కటిచ్చింది. మీటింగు వేళ అవుతోంది, టైము నా చేతి మీదే ఉంది. నేను ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాను. ఆ ముల్లు చిల్లులోకి దిగింది.

పట్టీ ఒకసారి లాగి చూసుకుని, నా చెయ్యి వదిలేసింది.

"ఇగ పో" అంది. "చెయ్యి ఊపుకుంట పో."

లిఫ్టు దాకా ఊపుకుంటూనే నడిచాను.