మా డప్పుల మాస్టారూ, కేంబ్రిడ్జ్ కన్వేయర్ బెల్టూ

ఒక శనివారం పొద్దున, కెనడాలో, కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో, నేను నా నోటితో ఒక కన్వేయర్ బెల్టును ఆపేశాను. చెయ్యి పెట్టలేదు, ఎర్ర బటన్ నొక్కలేదు. ఉత్త నోటితోనే. షిఫ్టులో ఉన్నవాళ్ళందరూ పని మానేసి నా చుట్టూ చేరితే, భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండును అనుకున్నాను గానీ, ఆ వేర్‌హౌస్ నేల మందపాటి కాంక్రీటు. చీలే రకం కాదు. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి, కానీ కాస్త దాచుకుని నవ్వండి. ముందు ముందు ఇంకా ఘోరాలున్నాయి.

అప్పుడు నేను కాలేజీలో చదువుతూ శని, ఆదివారాలు ఆ వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ చేసేదాన్ని. మన పిల్లలు విమానాల కొద్దీ దిగుతున్న రోజులవి. బస్సులో ఎవరినైనా తెలుగులో తిట్టుకుంటే, ముందు సీట్లోంచి ఒక తల వెనక్కి తిరిగి "ఎవర్నండీ?" అని ఆసక్తిగా అడిగేది. ఉద్యోగం దొరకడం మాత్రం మహా కష్టం. రెజ్యూమెలు పట్టుకుని నేను తిరగని ప్లాజా లేదు. ఒక పిజ్జా షాపాయన అయితే నన్ను దూరం నుంచి చూడగానే తలుపు మీద బోర్డుని 'క్లోజ్డ్' వైపు తిప్పేసేవాడు. అలాంటి రోజుల్లో దొరికిన ఉద్యోగం అది. ఇది గుర్తుపెట్టుకుంటే నా బాధ మీకు సరిగ్గా అర్థమవుతుంది.

మేం ముగ్గురం ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నేను ఖమ్మం పిల్లని, పేరు హారిక. సౌజన్యది కాకినాడ. నిఖితది కర్నూలు. మూడు యాసలు, ఒక రైస్ కుక్కర్, ఒకటే గొడవ. సినిమాల్లో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్.

పాటలు కాదండీ. పాటల కోసం ఎవరైనా కొట్టుకుంటారు. మేం పాటకీ పాటకీ మధ్య వచ్చేదాని కోసం కొట్టుకునేవాళ్ళం. హీరో తలుపు తీస్తే ఏం మోగింది, విలన్ టీ తాగితే ఏం మోగింది, ఇవీ మా సమస్యలు. నేనొక సంగీత దర్శకుడి భక్తురాలిని, సౌజన్య ఇంకొకాయన భక్తురాలు. వాళ్ళ పేర్లు మాత్రం చెప్పను. ఇద్దరి అభిమానులూ ఈ దేశం నిండా ఉన్నారు, నేనింకా ఇక్కడే బతకాలి. మా ఆయన్ని... ఛ, మాటలు జాగ్రత్తగా వాడాలి, నా అభిమాన దర్శకుణ్ణి డప్పుల మాస్టారు అనుకుందాం. సౌజన్య వాళ్ళాయన్ని వయొలిన్ల మాస్టారు అనుకుందాం.

ఆ శనివారం పొద్దున సౌజన్య ఉప్మా కలుపుతూ మొదలుపెట్టింది.

"మీ డప్పుల మాస్టారు హీరో చెప్పులేసుకున్నా ప్రళయం వచ్చినట్టు వాయిస్తాడే బాబూ!"

"హీరో చెప్పులేసుకుంటే ప్రళయం రావాల్సిందే. రాకపోతే ఇంక హీరో ఎందుకు? మా బాబాయి సరిపోతాడు."

"మా మాస్టారైతే ఆయ్, హీరోయిన్ అలా కిటికీ దగ్గర నిలబడగానే ఒక్క వయొలిన్ తీగ లాగుతాడు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేస్తాయి."

"వస్తాయి. గట్టిగా ఆవలించినా వస్తాయి."

ఉప్మా గరిటె గాల్లోకి లేచింది. దాని చివర వేలాడుతున్న జీడిపప్పు నా వైపే గురి చూస్తోంది. అప్పుడు నిఖిత కలగజేసుకుంది. ఆ పిల్ల కాఫీ షాపులో పనిచేసేది. రోజంతా ఆర్డర్లు వినీ వినీ ఇంటికొచ్చాక ప్రశాంతత కోరుకునేది. పాపం, మాతో ఉంటూ.

"మే, ఆపండి మే! మీ వల్ల నా చెవులు పోతాండాయి. ఈ పొద్దు బ్రేక్‌లో ఇద్దరూ మీ మాస్టార్ల బెస్ట్ బీజీఎమ్ మన గ్రూపులో పెట్టండి. నేను తీర్పు చెప్తా. ఓడినోళ్ళు ఇంక నోరెత్తకూడదు."

"ఓకే. ఇప్పుడే లింక్ పెట్టేస్తా," అన్నాను.

"లింకులొద్దు. అసలుది వింటే నాకు హీరో మొహం గుర్తొస్తాది, అటుపక్కకే పడిపోతా. నోటితో చేసి పంపండి. మాటలుండకూడదు. ఉత్త సౌండే."

ఇంత గొప్ప న్యాయమూర్తి ఇంకే కోర్టులోనూ ఉండదనిపించింది నాకు. సంతోషంగా బస్సెక్కాను.

మా సూపర్‌వైజర్ పేరు మార్లీన్. సేఫ్టీ అంటే ప్రాణం ఆవిడకి. ప్రతి షిఫ్టు ముందూ ఒకటే పాఠం. "మెషీన్ దగ్గర కొత్త చప్పుడేదైనా వినిపిస్తే, వెంటనే రికార్డ్ చేసి, లైన్ నంబర్ రాసి గ్రూపులో పెట్టండి. భయపడొద్దు." ఆ గ్రూపు పేరు 'బెల్ట్స్'. మా ఇంటి గ్రూపు పేరు 'బేస్‌మెంట్ బీజీఎమ్'. నా ఫోన్‌లో రెండూ కవలపిల్లల్లా ఒకదాని కిందొకటి కూర్చుని ఉండేవి.

మీకు అర్థమైపోయింది కదూ? నాకు మాత్రం ఇంకా కాలేదు.

బ్రేక్‌లో ఖాళీ అట్టపెట్టెల గుట్ట వెనక్కి వెళ్ళాను. ఫ్రిజ్ పట్టేంత పెట్టె ఒకటి కనిపించింది. అందులో తల దూరిస్తే థియేటర్ ఎఫెక్ట్ వస్తుందని తోచింది. కళాకారులకి అప్పుడప్పుడు అలా తోస్తుంది. తల దూర్చి, కళ్ళు మూసుకుని, మా మాస్టారిని తలచుకుని మొదలుపెట్టాను. ముందు గొంతు అడుగు నుంచి గుర్ర్ర్ర్ అని ఒక గొణుగుడు. దాని మీద టకటక్-టక, టకటక్-టక. ఆ తర్వాత హీరో అడుగులు. ధడేల్! ధడేల్! ధడేల్! మధ్యలో ఎవరో కత్తి దూసినట్టు స్స్స్సింగ్. చివర్లో సింహం. ఆ సింహం మాత్రం గొంతు పట్టేసిన పిల్లిలా వచ్చింది గానీ, భావం ముఖ్యం.

పంపించి, కింద ఇంగ్లిష్‌లో టైప్ చేశాను. "నంబర్ వన్! స్టాప్ నౌ!"

అంటే, మా మాస్టారే నంబర్ వన్, సౌజన్యా, ఇకనైనా వాదించడం ఆపు, అని.

మా వేర్‌హౌస్‌లో బెల్టులకి నంబర్లుంటాయనీ, వాటిలో వన్ అనేది అన్నిటికన్నా పెద్దదనీ మీకు చెప్పానా? చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా.

నేను పెట్టెలోంచి తల బయటికి తీసేసరికి పసుపు లైటు గిర్రున తిరుగుతోంది. నంబర్ వన్ బెల్టు మీద డబ్బాలు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి. మార్లీన్ పరిగెత్తుకొచ్చి నా భుజం తట్టింది.

"గుడ్ క్యాచ్, హ్యారీకా! అందరూ నీలా ఉండాలి."

ఎందుకు మెచ్చుకుందో తెలీదు గానీ, మెచ్చుకుంటే కాదంటామా? థ్యాంక్యూ అన్నాను. అప్పుడే ఫోన్ మోగింది. నిఖిత మెసేజ్. "ఏది మే నీ నోటి కచేరీ? సౌజన్యది వచ్చేసినాది."

ఫోన్ చూసుకున్నాను. నా కచేరీ కింద వరసగా బొటనవేళ్ళు. మెయింటెనెన్స్ ఆయన గ్రెగ్ "వస్తున్నా" అని రాశాడు. నా కచేరీ వెళ్ళి పడింది 'బెల్ట్స్' గ్రూపులో. డిలీట్ చేద్దామని వేలు పెట్టేలోపే మార్లీన్ ఫోన్‌లోంచి, ఫుల్ వాల్యూమ్‌లో, ఆ ఇనుప పైకప్పు కింద నా గొంతు వినిపించింది.

గుర్ర్ర్ర్. టకటక్-టక.

గ్రెగ్ గడ్డం పెద్దది, మాట చిన్నది. తలకి లైటు కట్టుకుని, కళ్ళు మూసుకుని, అవధానం వింటున్నవాడిలా మొత్తం విన్నాడు. "ఈ మొదటిది బేరింగ్. గ్రీజు ఎండిపోయింది," అన్నాడు. "టకటక అనేది రోలర్. ధడేల్ అంటే... బెల్టు జారుతోంది." సింహం దగ్గరికొచ్చేసరికి కళ్ళు తెరిచాడు. "ఇది మాత్రం నేనెప్పుడూ వినలేదు."

"ప్రమాదమా?" అంది మార్లీన్.

"ఏదో ప్రాణం పోతున్నట్టుంది."

మళ్ళీ వేశారు. మళ్ళీ వేశారు. జనం మూగారు. ఒకాయన మంచు ఊడ్చే తన పాత స్నోబ్లోయర్ అచ్చం ఇలాగే అరిచి ఆగిపోయిందన్నాడు. ఇంకొకామె వాళ్ళ ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ అంది. మా మాస్టారి సంగీతం మీద ఇన్ని అభిప్రాయాలు ఏ రివ్యూలోనూ రాలేదు.

నేను గొంతు సవరించుకున్నాను. "మార్లీన్, అది మెషీన్ కాదు. అది మ్యూజిక్."

"కరెక్టుగా చెప్పావు," అన్నాడు గ్రెగ్ బెల్టు కిందికి దూరుతూ. "చెవి ఉన్నవాడికి మెషీన్ పాడుతూనే ఉంటుంది."

"కాదు, కాదు! ఆ చప్పుడు..."

"ఎక్కడి నుంచి వచ్చింది? చూపించు."

నేను నా నోటివైపు చూపించాను. మార్లీన్ జాలిగా చూసి నాకు మంచినీళ్ళ బాటిల్ ఇచ్చింది. ఏం చెయ్యను? తాగాను.

గ్రెగ్ మూత విప్పాడు, బిగించాడు, బెల్టు నడిపించి చూశాడు. ఏ చప్పుడూ లేదు. బయటికొచ్చి పెదవి విరిచాడు. "వచ్చిపోయే రకం. ఇదే అన్నిటికన్నా డేంజర్. బయట కంపెనీవాళ్ళని పిలవాలి. ఇవాళ్టికి లైన్ మూసేసి అందర్నీ ఇంటికి పంపించెయ్యి."

నా పక్కన ప్యాకింగ్ చేసే పంజాబీ అమ్మాయి మొహం వాడిపోయింది. "నాకు వారానికి దొరికేదే ఈ షిఫ్టు," అంది నెమ్మదిగా. నేను చెప్పకపోతే అందరూ ఇంటికి. చెప్తే నేనొక్కదాన్నే ఇంటికి, అదీ మళ్ళీ రాకుండా. పిజ్జా షాపాయన బోర్డు తిప్పుతూ కళ్ళ ముందు కనిపించాడు. అయినా ఆ పిల్ల మొహం చూస్తూ ఊరుకోలేకపోయాను.

మాటలతో ఎలాగూ కావడం లేదు. చేతులు రెండూ నోటికి డొప్పలా పెట్టుకున్నాను. పెట్టి, అంతమంది ముందు, పగటి వెలుగులో, మొదటి నుంచి చివరిదాకా చేశాను. గుర్ర్ర్ర్. టకటక్-టక. ధడేల్! స్స్స్సింగ్! భయంలో గొంతు బాగా విచ్చుకుందో ఏమో, ఈసారి సింహం సింహంలాగే వచ్చింది.

ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు కూడా ఇంజిన్ ఆపేశాడు.

"అంటే ఇది..." అంది మార్లీన్, "నువ్వా?"

"నేనే. అంటే, సంగీతం మా మాస్టారిది. నాది ఉత్త నోరు. వేరే గ్రూపుకి పంపబోయి..."

"ఇది సంగీతమా?"

"సినిమాలోది. హీరో నడిచొస్తుంటే మోగుతుంది."

"ఎక్కడికి నడుస్తాడు?"

"గుమ్మంలోంచి సోఫా దాకా."

"అంత దూరానికేనా ఇదంతా?"

"ఇది నడకకే. కొట్టడానికి వేరే ఉంటుంది."

మార్లీన్ మెల్లిగా ఒక డబ్బా మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడిపించేశాను కాబోలనుకున్నాను. తీరా చూస్తే నవ్వు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది. ఆవిణ్ణి చూసి పంజాబీ అమ్మాయి, ఆ పిల్లని చూసి స్నోబ్లోయర్ ఆయన, అలా ఆ నవ్వు గోడ దాకా పాకింది.

గ్రెగ్ ఒక్కడే నవ్వలేదు. దగ్గరికొచ్చి సీరియస్‌గా అడిగాడు. "ఆ చివరిది?"

"సింహం."

"సినిమాలో సింహం ఉంటుందా?"

"ఉండదు. హీరోనే సింహం."

చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. "నాకైతే గ్రీజు పెట్టాలనిపించింది," అన్నాడు. మా మాస్టారి మీద అంత నిజాయితీగల విమర్శ ఇప్పటిదాకా ఎవరూ చేసి ఉండరు.

మార్లీన్ లేచి, మొహం గట్టిగా పెట్టుకోవడానికి ప్రయత్నిస్తూ అంది. "నిన్ను ఇంటికి పంపిస్తే, రేపు నిజంగా చప్పుడు విన్నవాళ్ళు కూడా నాకు చెప్పరు. అందుకని పంపను. వెళ్ళి పని చూసుకో." ఆ తర్వాత గ్రూపులో అందరికీ ఒక మెసేజ్ పెట్టింది. "లైన్ వన్ బాగానే ఉంది. చప్పుడు హ్యారీకాది."

సాయంత్రం ఇంటికెళ్ళి కథంతా చెప్పాను. సౌజన్య నవ్వీ నవ్వీ మంచం మీంచి జారి, కిందపడి, అక్కడ కూడా నవ్వింది. "మీ మాస్టారి మ్యూజిక్ మెషీన్ పాడైనట్టుందని కెనడావోళ్ళే సర్టిఫికెట్ ఇచ్చేశారే! ఇంక తీర్పెందుకు?"

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఏం, తప్పేముంది? మా మాస్టారు ఒక్క వాయిస్ నోట్‌తో మొత్తం లైన్ ఆపేశాడు! మీ వయొలిన్ల మాస్టారు జన్మలో ఎప్పుడైనా ఒక్క డబ్బానైనా ఆపాడా? అదీ పవర్ అంటే!"

సౌజన్య తలగడ తీసి నా మీదికి విసిరింది. గెలిచాననుకున్నాను. నిఖిత నా ఫోన్ తీసుకుని, ఆ వాయిస్ నోట్ ఆసాంతం విని, న్యాయమూర్తి గొంతుతో చెప్పింది.

"మే హారికా. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అంటే జరుగుతాండేదాన్ని ముందుకు నడిపించాల. నువ్వు ఆపేసినావు. డిస్‌క్వాలిఫై."

అప్పీలు లేదు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి గుండె మీదా ఎడమచెయ్యి నోటి మీదా పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ సంగీత దర్శకుడి గొప్పతనాన్నీ నా నోటితో నిరూపించను. మరీ ఉండబట్టలేకపోతే, కారులో కూర్చుని, అద్దాలన్నీ ఎత్తుకుని, ఇంజిన్ ఆపి మరీ చేసుకుంటాను. ఇంజిన్ ఎందుకు ఆపాలంటారా? నడుస్తూ ఉంటే, దారిన పోయేవాడెవడో జాలిపడి మెకానిక్‌కి ఫోన్ చేస్తాడు.